ఇంకా రాని శుక్రవారం

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది జూన్ మొదటి వారంలో నాకు కరీంనగర్ నుంచి మంచిర్యాలకు బదిలీ అయింది. హోదా ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్. పాత చట్టం ఉన్న రోజుల్లో ఇదే ఉద్యోగాన్ని ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అనేవారు, జనం నోట్లో ఇప్పటికీ అదే పేరు. ఒక గది, ఒక బీరువా, శాంపిళ్ళకు వేసే లక్క, ఇత్తడి ముద్ర, రాజమల్లు అనే అటెండరు. కార్యాలయం మొత్తం ఇంతే. రాజమల్లు చెన్నూరు మనిషి. యాభై దాటినవాడు, నాకన్నా ముందు నలుగురు అధికారుల దగ్గర పనిచేసినవాడు. దేనికీ తొందరగా ఆశ్చర్యపోడు.

మా పని గురించి చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంటుంది. మేము తిండిని పరీక్షిస్తామనుకుంటారు. తిండిని పరీక్షించేది హైదరాబాదులోని ప్రయోగశాలలో కూర్చునే ఫుడ్ అనలిస్టు. మేము మొదట చూసేది ప్యాకెట్‌ను. ఎవరు చేశారు, ఎక్కడ చేశారు, ఏమేమి కలిపారు, ఏ రోజు ప్యాక్ చేశారు, ఎన్నాళ్ళు వాడవచ్చు, ఇవన్నీ దాని మీద ఉండాలి, నిజమై ఉండాలి. లోపలి సరుకు బంగారంలా ఉన్నా పైన రాసింది అబద్ధమైతే దాన్ని మిస్‌బ్రాండెడ్ అంటాం. కొనేవాడు తయారుచేసినవాణ్ణి ఎన్నడూ చూడడు. వాళ్ళిద్దరి మధ్యా మాట్లాడేది ఆ ప్యాకెట్ ఒక్కటే.

జూలైలో ఒక సోమవారం ఉదయం శ్రీరాంపూర్ నుంచి ఒకామె వచ్చింది. పేరు స్వరూప, భర్త బొగ్గుగనిలో పని, ఉండేది కంపెనీ క్వార్టర్‌లో. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో మరో కవరు, అందులో అర కిలో జావ పిండి ప్యాకెట్. దాన్ని ఆమె చేత్తో తీయలేదు. బల్ల మీద కవరును బోర్లించి ప్యాకెట్ జారిపడేలా చేసింది.

అది మామూలు పారదర్శక పౌచ్. మధ్యలో రంగుల లేబుల్. లేబుల్ మీద నలభై అయిదేళ్ళ ఆడమనిషి ఫొటో, నుదుట పెద్ద బొట్టు, కొంచెం నవ్వు. కింద 'మల్లక్క జావ పిండి' అని పేరు. రాగులు, జొన్నలు, పెసర్లు, పల్లీలు అని రాసి ఉంది. చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు, బరువు, ధర, అన్నీ సక్రమంగానే ఉన్నాయి. నేను తలెత్తి ఆమెవైపు చూశాను.

"తారీఖు సూడుండ్రి మేడం," అంది. "నాకు సదువొస్తది. తప్పు సదువలే."

ప్యాక్ చేసిన తేదీ అనే గడిలో నీలం సిరాతో రబ్బరు ముద్ర వేసి ఉంది. గోడ మీద క్యాలెండరు చూసి లెక్కపెట్టాను. అది ఇంకా రాని శుక్రవారం. దానికి మరో పద్దెనిమిది రోజులుంది.

తేదీలు ముందుకు వేయడం మా శాఖకు కొత్త కాదు. సరుకు ఎక్కువ కాలం తాజాగా కనిపించాలని పాల ప్యాకెట్ల మీద, బ్రెడ్డు మీద ఒక రోజు జరిపి వేసేవాళ్ళుంటారు. పద్దెనిమిది రోజులు జరిపినవాణ్ణి నేను చూడలేదు. ఆ మాటే అన్నాను, ముద్ర తప్పుగా పడి ఉంటుందని. స్వరూప తల అడ్డంగా ఊపింది.

"గా ఫొటోలున్నామె సచ్చిపోయి ఏడాది దాటింది మేడం. మా అత్త మట్టికి పోయొచ్చింది. గా ఊరు గూడ లేదిప్పుడు. ఓపెన్‌కాస్టుల పోయింది. మరి గీ పిండి ఎవలు కడుతున్రు? ఇంకా రాని రోజు నాడు ఎట్ల కట్టిండ్రు?"

ఆమె ఏడాదిన్నర కూతురికి మూడు రోజులుగా వాంతులు, జ్వరం. కంపెనీ ఆసుపత్రిలో చూపించారు, మందులు వాడుతున్నారు. పాపకు రోజూ తాగించింది ఈ పిండితో కాచిన జావే. జబ్బు చేశాకే ఆమె ప్యాకెట్ తిప్పి చూసింది. కాలనీలో ఎవరో ఒక మాట అన్నారు, ఆ మాట ఆమె లోపల దిగబడిపోయింది. చనిపోయినామె వేసిన తేదీ పిండిది కాదని, తాగిన బిడ్డదని.

"గా శుక్రారం వరకే నా బిడ్డ ఉంటదా మేడం?" అని అడిగింది. ఫిర్యాదు పత్రంలో అలాంటి ప్రశ్నకు గడి లేదు. పాపకు తగ్గుతుందని, పిండి సంగతి నేను తేలుస్తానని చెప్పి పంపాను.

మర్నాడు రాజమల్లును వెంటబెట్టుకుని శ్రీరాంపూర్ వెళ్ళాను. స్వరూప ప్యాకెట్ కొన్న కిరాణా కొట్టు ఐలయ్యది. అరవై ఏళ్ళ మనిషి. అతని అరలో అవే ప్యాకెట్లు ఇంకా ఇరవై రెండు ఉన్నాయి. వాటిలో సగం ఆ రాని శుక్రవారానివి, మిగతా సగం దానికి వారం ముందటివి. అంటే అవి కూడా ఇంకా రాని తేదీలే. ఐలయ్య ఆ సంగతి ఎన్నడూ గమనించలేదు. నేను చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే తిప్పి చూశాడు. తర్వాత కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ ఆ ప్యాకెట్లను ముట్టలేదు.

సరుకు ఎవరు తెస్తారని అడిగితే చెప్పడానికి మొదట వెనకాడాడు. వారానికోసారి, శనివారం, తాను షటర్ తీసేసరికే మెట్టు మీద సంచి ఉంటుందట. ముందటి వారం ఖాళీ సంచిలో పైసలు మడిచి మెట్టు మూలకు పెడితే అది పోతుందట. "మల్లక్క ఉన్నప్పుడు ఆమెనే తెచ్చేది. సచ్చిపోయినంక నెల దాక రాలే. నెల మాశికం అయినంక మళ్ళ సంచి వచ్చింది. ఎవరు పెడుతున్రో నేను సూడలే మేడం. సూడాల్నని గూడ అనుకోలే."

ఎందుకు చూడాలనుకోలేదని అడిగాను. అతను తక్కెడ గిన్నె తుడవడం మొదలుపెట్టాడు.

మల్లక్కకు భర్త లేడా అంటే, ఊరు ఖాళీ చేసినప్పుడు అందరితో పాటు ఎక్కడికో పోయి ఉంటాడన్నాడు. ప్యాకెట్ల అమ్మకం ఆపుతూ నోటీసిచ్చాను, శాంపిల్ తీశాను. శాంపిల్ తీయడానికి ఒక క్రమం ఉంది. ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, సాక్షి ఎదుట నాలుగు భాగాలు చేయాలి, ఒక్కోదానికి కాగితం చుట్టి, దారం కట్టి, లక్క ముద్ర వేయాలి. ముద్రల మీదుగా కొట్టు యజమాని సంతకం పడాలి. ఒక భాగం ప్రయోగశాలకు పోతుంది, మిగతావి పై అధికారి దగ్గర భద్రంగా ఉంటాయి. రిపోర్టు రావడానికి రెండు వారాలు. ఐలయ్య సంతకం చేస్తున్నప్పుడు కాగితం లోపల మల్లక్క ముఖం ఉన్నవైపు కలం పోకుండా జాగ్రత్తగా పక్కకు జరిపి రాశాడు.

బుధవారం ప్యాకెట్ మీది చిరునామాకు బయలుదేరాం. ఆ ఊరి పేరు రాయను, ఇప్పుడా పేరుతో ఊరు లేదు. ఓపెన్‌కాస్ట్ గని విస్తరణలో దాన్ని తీసుకున్నారు, జనాన్ని పునరావాస కాలనీకి తరలించి ఆరు నెలలు దాటింది. గని గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు మమ్మల్ని ఆపాడు. మాకు సాక్షి కావాలి కనుక అతన్నే తోడు రమ్మన్నాను. వచ్చాడు గాని దారి పొడుగునా జీపు వెనక సీట్లో కదలకుండా కూర్చున్నాడు.

"ఊళ్ళె ఎవ్వరు లేరు మేడం," అన్నాడు. "కాని పొద్దుగాల ఆడమనిషి గొంతు ఇనవడ్తదని మావోళ్ళు అంటరు. నేనైతె ఇనలే. నా డ్యూటీ గేటు కాడనే."

ఊరికి ఒకవైపు గనిలోంచి తవ్విపోసిన మట్టి గుట్ట, మూడంతస్తుల మేడకన్నా ఎత్తు, రోజురోజుకూ ముందుకు జరుగుతున్నట్టు ఊరి మీదికి వంగి ఉంది. ఇళ్ళు నిలబడే ఉన్నాయి. వెళ్ళేవాళ్ళు తలుపులు, కిటికీలు, దర్వాజా చట్రాలు, పైకప్పు రేకులు ఊడదీసుకుపోయారు. గోడల నిండా చతురస్రపు రంధ్రాలు. ఏ ఇంట్లోకి చూసినా అవతలి ఇంటిదాకా కనిపించేది. వాన పడి వాకిళ్ళలో మోకాలెత్తు గడ్డి మొలిచింది. కుక్క కూడా లేదు. ఉదయం తొమ్మిది కావస్తోంది, మబ్బు పట్టి వెలుతురు మసకగా ఉంది.

వీధి చివర ఒక్క వాకిట్లో గడ్డి లేదు. ఊడ్చి ఉంది. పేడనీళ్ళ సాన్పి చల్లి ఉంది, ఇంకా తడిగా. ఆ ఇంటికి తలుపుంది.

రాజమల్లు నాకన్నా ముందు ఆగిపోయాడు. వేయించిన పల్లీల వాసన వస్తోంది. లోపల ఎవరో మాట్లాడుతున్నారు. ఆడగొంతు, గట్టిగా, తొందర లేకుండా.

"తలకు గుడ్డ కట్టినవా?" అంది ఆ గొంతు. కాసేపు నిశ్శబ్దం. "చేతులు కడుక్కున్నవా? సబ్బుతోని. మళ్ళ కడుక్కో."

నేను మెట్టు మీద కాలు పెట్టి ఉన్నాను. ఆ ప్రశ్న నన్నే అడిగినట్టు అనిపించి చేతులు చూసుకున్నాను. గార్డు వెనక్కి జీపు దగ్గరికి నడిచాడు. రాజమల్లు మెల్లగా, "మేడం, రేపొద్దాం," అన్నాడు. అతని నోట అలాంటి మాట వినడం అదే మొదటిసారి.

తనిఖీకి వెళ్ళిన అధికారి గడప దగ్గర్నుంచి తిరిగి రాకూడదు. ఎవరైనా ఉన్నారా అని పిలిచాను. జవాబు రాలేదు. గొంతు మాత్రం తన పాటికి తాను చెప్పుకుపోతోంది. "గిన్నెను గుడ్డతోని తుడువు. తడి ఉండొద్దు. తడి ఉంటె పిండి బూజు వడ్తది. ఇగ పొయ్యి." తలుపు తోశాను.

లోపల ఒక ముసలాయన బాసిపట్టు వేసుకుని మా వైపు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. తలకు తెల్లటి గుడ్డ. ముందు స్టీలు గంగాళం నిండా పిండి, పక్కన తక్కెడ, చేతితో నొక్కే సీలింగ్ మిషన్. గూట్లో ఒక పెద్ద బటన్ల ఫోన్, గొంతు దాంట్లోంచి వస్తోంది. దాని పైన గోడకు దండ వేసిన ఫొటో. ప్యాకెట్ మీదున్న ఫొటోయే అది.

ఆయన కొమురయ్య, మల్లక్క భర్త. ముప్పై ఏళ్ళు భూగర్భ గనిలో, వాళ్ళ మాటలో బాయిలో, బొగ్గు నింపిన మనిషి. పేలుళ్ళకు చెవులు దాదాపు పోయాయి. నేను ఎదురుగా వెళ్ళి నిలబడేదాకా ఆయనకు మా రాక తెలియలేదు. తెలిశాక కూడా బెదరలేదు. లేచి ఫోన్ ఆపి, "ఆఫీసరమ్మవా? గామె చెప్పింది, ఎన్నడన్న ఒకనాడు వస్తరని," అన్నాడు.

గార్డును పిలిపించి పంచనామా మొదలుపెట్టాను. పంచనామా అంటే చూసింది చూసినట్టు సాక్షుల ఎదుట రాయడం. ఆయన చెప్పింది కూడా ముక్కలు ముక్కలుగా అందులోకే చేరింది.

మల్లక్క ఏడో తరగతి దాకా చదివింది. మహిళా సంఘం శిక్షణలో పిండి తయారీ నేర్చుకుని, రిజిస్ట్రేషన్ తెచ్చుకుని, కరీంనగర్‌లో లేబుళ్ళతో పౌచ్‌లు చేయించింది. అచ్చు వేసేవాళ్ళు చిన్నవాళ్ళకని కొద్దిగా వేయరు. వేలల్లో తీసుకోవాలి. పౌచ్‌లు వచ్చిన నెలలోనే ఆమెకు కడుపులో గడ్డ అని తేలింది. మిగిలింది కొద్ది నెలలేనని డాక్టరు దాచకుండా చెప్పాడు. కొమురయ్యకు అక్షరం రాదు, అంకె రాదు. ఆయన బాయిలో నింపిన బొగ్గు టబ్బుల లెక్క కూడా మరొకరు రాసేవారు. తేదీ ముద్ర తిప్పడం ఆయనకు నేర్పాలని ఆమె ప్రయత్నించింది. ఆ ముద్రకు చిన్న రబ్బరు పట్టీలుంటాయి, రోజు, నెల, ఏడు వేరువేరుగా తిప్పాలి. ఆయనకు పట్టుబడలేదు.

అప్పుడామె మంచం మీద కూర్చుని తానే వేసింది. అరవై పౌచ్‌లు ఒక కట్ట. ఒక కట్టకు ఒక శుక్రవారం. వారం వారం ముద్ర తిప్పుకుంటూ, తాను చూడబోని రెండేళ్ళ శుక్రవారాలన్నీ ముందే వేసి, దారంతో కట్టి, చెక్కపెట్టెలో వరుసగా పేర్చింది. చేయవలసిన పనంతా వరుసగా చెప్పి ఫోన్‌లో నింపింది. "శుక్రారం శుక్రారం పైన ఉన్న కట్ట తియ్యి, నేను చెప్పినట్టు చెయ్యి, అన్నది. గంతనే చేస్తున్న," అన్నాడు కొమురయ్య. శనివారం తెల్లవారగానే ఇటుగా పోయే మొదటి షిఫ్టు బస్సులో సంచి తీసుకుపోయి మెట్టు మీద పెట్టి, అదే బస్సులో తిరిగొచ్చేవాడు. కొట్టు తెరిచేదాకా ఆగితే మళ్ళీ బస్సు లేదు.

ఈ రోజు బుధవారం కదా, మరి ఈ పని ఏమిటని అడిగాను. కిందటి వారం ఐలయ్య సంచిలో పైసలు ఎక్కువ పెట్టాడట. ఎక్కువ సరుకు కావాలన్నట్టు అర్థం చేసుకుని మరో కట్ట తీశాడు. అంతకు ముందు బతుకమ్మ పండుగకు ఒకసారి, ఎండాకాలంలో రెండుసార్లు అలాగే ఎక్కువ చేశాడు. ఎక్కువ తీసిన ప్రతి కట్టా తేదీని ఒక వారం ముందుకు తోసింది. ఏ కట్ట మీద ఏముందో చదివేవాళ్ళు ఆ ఇంట్లో లేరు, ఆ ఊళ్ళో లేరు. కొన్నవాళ్ళూ చదవలేదు, స్వరూప దాకా.

ఇంతకీ ఆ గది ఎంత శుభ్రంగా ఉందంటే, లైసెన్సున్న చాలా యూనిట్లలో నాకది కనిపించలేదు. ఆమె గొంతు చెప్పిన పనుల్లో ఒక్కటి కూడా ఆయన తప్పించలేదు. కాని చట్టం ముందు ఆ కట్టలు అబద్ధపు తేదీలున్న లేబుళ్ళు. తేదీ మూడు వారాలు ముందుంటే, గడువు కూడా మూడు వారాలు పెరిగినట్టే. పల్లీలు కలిసిన పిండి వానాకాలంలో మూడు వారాలు ఎక్కువ నిలవ ఉంటే చిన్నపిల్లల కడుపుకు అది చిన్న విషయం కాదు. స్వాధీనం చేసుకుంటున్నానని చెప్పాను.

చెక్కపెట్టెలో నలభై ఒక్క కట్టలున్నాయి. రాజమల్లు ఒక్కొక్కటి తీసి తేదీ చదువుతుంటే నేను రాసుకున్నాను. ఆగస్టు, బతుకమ్మ వారం, సంక్రాంతి తర్వాతి శుక్రవారం, మళ్ళీ ఎండాకాలం. నీలం సిరా మొదటి కట్టల్లో నిండుగా ఉంది. పోనుపోను ముద్ర వంకరగా, పలచగా పడింది. చివర్లో కొన్నింటి మీద సగం తేదీయే అంటింది.

అన్నిటికన్నా అడుగున మరో కట్ట ఉంది, నలభై రెండోది. దాని మీద తేదీ లేదు. దారం కింద నోట్‌బుక్కు కాగితం మడిచి దూర్చి ఉంది. విప్పి చదివాను.

"ఇది చదివెటోళ్ళు ఎవరో నాకు తెల్వదు. మీకు దండం. మా ఆయనకు చదువు రాదు, జర మీరు చెప్పుండ్రి. ఈ కట్ట ఆఖరుది. ఇది నింపినంక పని బందు వెట్టి మెట్‌పల్లిల బిడ్డ దగ్గరికి పొమ్మని చెప్పుండ్రి. నేను చెప్పమన్ననని చెప్పుండ్రి. తారీఖు మీరు వేయుండ్రి."

ఆ కాగితం రాసినప్పుడు ఆమెకు నేనెవరో తెలిసే అవకాశం లేదు. అయినా ఆ గదిలో, ఆ ఫొటో ఎదురుగా నిలబడి చదువుతుంటే, ఆమె నాకోసమే కాచుకుని ఉందన్న భావన కలిగింది. దాన్ని ఇప్పటికీ నేను కొట్టిపారేయలేను. రాజమల్లు కళ్ళు దించుకున్నాడు. అప్పుడే గని వైపు సైరన్ మోగింది, కాసేపటికి పేలుడు. ఇల్లు ఒక్కసారి కదిలింది, గంగాళంలోని పిండి మీద సన్నటి గీత పడింది. కొమురయ్య ఒక్కడే కదల్లేదు.

ఆయన చెవి దగ్గర గట్టిగా రెండుసార్లు చదివాను. విని, పెట్టెవైపు చూసి, "ఆఖరు కట్ట దాక వచ్చినంక గద అమ్మా పొమ్మన్నది," అన్నాడు. "ఇంకా గిన్ని ఉన్నయి."

వాటిని తీసుకుపోతున్నానని మళ్ళీ చెప్పాను. కొత్త లేబుళ్ళు, చదువొచ్చిన మనిషి తోడు లేకుండా ఇక చేయడానికి వీల్లేదన్నాను. ఆయన గంగాళం పక్కనున్న కట్ట చూపించి అది ఏ రోజుదని మాత్రం అడిగాడు. అది కొట్టులో చూసిన ఆ శుక్రవారానికి కూడా ఒక వారం తర్వాతిది. "అయితె నేను ముందుగాల పోయిన్నన్నట్టు," అన్నాడు. "ఆఖరుగ అంగడికిచ్చింది?" ఎప్పటిదో చెప్పాను. వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టుకున్నాడు.

నలభై ఒక్క కట్టలూ, నింపుతున్నదీ స్వాధీనం చేసుకున్నాను. తేదీ లేని కట్ట ఖాళీ పౌచ్‌లే. వాటి మీద అబద్ధం లేదు, సరుకూ లేదు. కాగితంతో సహా ఆయన దగ్గరే వదిలేశాను. ఫైల్లో కారణం రాయలేదు, ఎందుకంటే చట్టం ఒప్పుకునే కారణం నా దగ్గర లేదు.

మంచిర్యాల చేరాక స్వరూపకు ఫోన్ చేసి అంతా చెప్పాను. పాప తేరుకుంటోందని, అన్నం ముద్ద తింటోందని చెప్పింది. కాని తేదీ సంగతి ఆమె నమ్మలేదు. "ముసలాయన కట్టిండు సరే మేడం. తారీఖు ఆమెనే వేసింది గద," అంది. ఆమె అన్నది అక్షరాలా నిజం.

రెండు వారాలకు రిపోర్టు వచ్చింది. పిండిలో బూజు విషం లేదు, తేమ హద్దులోనే ఉంది, హానికరం కాదు. లేబుల్ మాత్రం మిస్‌బ్రాండెడ్. పాపకు వచ్చింది కాలనీ నీళ్ళ వల్ల వచ్చిన జబ్బని ఆసుపత్రి కాగితంలో ఉంది. పాప జబ్బుపడ్డ వారమే ఆ వీధిలో మరో ఏడుగురు పిల్లలకు వచ్చింది, వాళ్ళలో అయిదుగురు ఈ పిండి ముట్టనే లేదు.

ఆ శుక్రవారం వచ్చింది. ఆ రోజు నాకు శ్రీరాంపూర్‌లో వేరే పని లేదు. అయినా పదకొండు గంటలకు స్వరూప క్వార్టర్‌కు వెళ్ళాను. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురు గోడవారగా కూర్చుని ఉన్నారు. ఫ్యాను తిరుగుతోంది. పాప నేల మీద స్టీలు గ్లాసుతో ఆడుకుంటోంది. గ్లాసు దొర్లి మంచం కిందికి పోయినప్పుడల్లా అందరూ ఒకేసారి ఉలిక్కిపడ్డారు. స్వరూప కళ్ళు పాప ఛాతీ మీదే ఉన్నాయి, ఊపిరి లెక్కపెడుతున్నట్టు. నేను వాళ్ళ మధ్య కూర్చున్నాను. రెండు గంటలప్పుడు పాప ఆకలికి ఏడ్చింది, పెరుగన్నం తిని, తల్లి ఒళ్ళో నిద్రపోయింది. ఆ నిద్రకు గదిలో అందరి ముఖాలూ తెల్లబడ్డాయి. నిద్రలో పాప కాలితో తన్నేదాకా ఎవరూ కదల్లేదు. సాయంత్రం అయిదింటికి లేచి ఏడ్చింది. అప్పుడు స్వరూప కూడా ఏడ్చింది. నేను చెప్పులు తొడుక్కున్నాను.

మర్నాడు శనివారం పొద్దున్నే ఐలయ్య ఫోన్ చేశాడు. "మేడం, సంచి వచ్చింది."

వెళ్ళి చూశాను. మెట్టు మీద సంచి, అందులో అరవై ప్యాకెట్లు. చక్కగా నింపి, సమంగా తూచి, గట్టిగా సీలు చేసి ఉన్నాయి. ఒక్కదాని మీదా తేదీ లేదు. మల్లక్క ముఖం కింద ఆ గడి ఖాళీగా ఉంది. ఐలయ్య తన పాత నోటీసు చేతిలో పట్టుకుని, ముట్టనని రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

నేరుగా ఆ ఊరికి పోయాం. వాకిట్లో సాన్పి లేదు. ఇంటికి తలుపు లేదు. కిటికీ లేదు, దర్వాజా కూడా పెరికి తీసుకుపోయాడు. గోడలో చతురస్రపు రంధ్రంలోంచి అవతలి ఇల్లు, దాని వెనక మట్టి గుట్ట కనిపించాయి. గది ఊడ్చి ఉంది. గూటి పైన గోడకు ఫొటో ఉన్నచోట తెల్లటి మచ్చ. మెట్‌పల్లిలో ఆయన బిడ్డ చిరునామా కనుక్కుని ఫోన్ చేశాను. పొద్దున్నే సంచి పెట్టి అటునుంచి అటే వచ్చాడని, వచ్చినప్పటి నుంచి పడుకునే ఉన్నాడని చెప్పింది. తర్వాత ఆమె తండ్రిని అడిగి అన్న మాట ఇది. అంగడికి ఆఖరుగా ఇచ్చిన కట్ట తారీఖు వచ్చేదాకా ఆగాడట. తాను తొందరపడి ముందుకు పోయిన వారాలు కూర్చుని తీర్చుకున్నాడట. ఆ రోజు వచ్చాక ఆఖరు కట్ట నింపి, చెప్పినట్టే బయలుదేరాడట.

తేదీ లేని ప్యాకెట్ కూడా చట్టం ముందు తప్పుడు ప్యాకెట్టే. అరవైని పంచనామా రాసి స్వాధీనం చేసుకున్నాను. కేసు జాయింట్ కలెక్టరు ముందుకు పోయింది. ఆయన కొమురయ్య పరిస్థితి చూసి హెచ్చరికతో ముగించి, సరుకునూ పౌచ్‌లనూ ధ్వంసం చేయమని ఆదేశించాడు. నా ఎదుటే పిండిని గుంటలో పోసి, పౌచ్‌లను కత్తిరించారు. రాజమల్లు కత్తిరించాడు. ప్రతిదాన్నీ ఫొటో పక్కగా, తేదీ గడికి అడ్డంగా కోశాడు. గడి పనికిరాకుండా పోతే చాలు.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళకు దగ్గరగా ఉద్యోగం చేశాను. ఏ చిన్న యూనిట్‌కు వెళ్ళినా రిజిస్ట్రేషన్ కాగితం కన్నా ముందు తేదీ ముద్ర చూపించమనేదాన్ని. అది ఎవరు వేస్తారు, పిండి నింపాక వేస్తారా ముందా, వేసే మనిషికి అది చదవడం వచ్చా అని అడిగేదాన్ని. ప్యాక్ చేసిన తేదీని ఆ రోజు ఆ సరుకు దగ్గర ఉన్న మనిషి వేయాలి. ఎంత మంచి మనసుతోనైనా మరొకరి తరఫున, మరొక రోజు కోసం వేస్తే అది కొనేవాళ్ళ ఇంట్లోకి భయంగా పోతుంది. నా పొరపాటు కూడా దీంట్లో ఉంది. ఖాళీ పౌచ్‌లే కదా అని వదిలేశాను. తర్వాత కొత్తగా చేరిన అధికారులకు శిక్షణలో చెప్పమన్నప్పుడు నేను మొదట చెప్పిన నియమం ఇదే. స్వాధీనం చేసేటప్పుడు లేబుల్ అంటించిన ఖాళీ పౌచ్‌ను కూడా సరుకుగానే రాసుకోవాలి.